65 అంటే ‘ఏ’ : ఒక ఒప్పందం ఎందుకు నిలిచింది?

కంప్యూటరుకు అక్షరాలు రావు. ఈ మాట వింటే మీకు నవ్వు రావచ్చు. మీ పాఠ్యపుస్తకాలు కంప్యూటరు మీదనే అచ్చుకు సిద్ధమవుతున్నాయి. వార్తలూ, పరీక్షా ఫలితాలూ దాని తెరమీదనే చూస్తున్నాం. అటువంటి యంత్రానికి అక్షరాలు రాకపోవడమేమిటి? కాని నిజం అదే. దానికి తెలిసినవి రెండే రెండు స్థితులు. ఒకదాన్ని 1 అనీ, రెండోదాన్ని 0 అనీ అనుకుంటే, ఈ ఒకట్లతోనూ సున్నాలతోనూ ఎంత పెద్ద సంఖ్యనైనా రాయవచ్చు. అక్షరాన్ని మాత్రం రాయలేము.

మరి తెరమీద అక్షరం ఎలా వస్తోంది? ఒప్పందం వల్ల వస్తోంది. ‘65 అనే సంఖ్య వస్తే దాన్ని ఇంగ్లీషు పెద్ద ఏ అనుకుందాం, 66 వస్తే బి అనుకుందాం’ అని కొందరు మనుషులు కూర్చుని నిర్ణయించారు. ప్రకృతిలో ఎక్కడా 65కూ ‘ఏ’కూ సంబంధం లేదు. 64 అనుకున్నా, 100 అనుకున్నా పని జరిగేదే. కాకపోతే పంపేవాడూ అందుకునేవాడూ ఒకే మాట మీద ఉండాలి.

ఈ ఒప్పందం 1963లో కుదిరింది. ఆనాటి కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి. అవి ఎప్పుడో మ్యూజియంలకు చేరాయి. వాటి తరువాత వచ్చినవీ పోయాయి, ఆ తరువాత వచ్చినవీ పోయాయి. కాని ఈనాడు మీ ఇంట్లో ఉన్న ఫోనులో కూడా 65 అంటే ‘ఏ’నే! యంత్రాలు ఇన్నిసార్లు మారినా ఈ చిన్న ఒప్పందం చెక్కుచెదరలేదు. ఎందుచేత?

‘అది చాలా గొప్ప పథకం కాబట్టి నిలిచింది’ అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. అంతకంటె ఘనమైన పథకాలు మధ్యలోనే మూలబడ్డాయి. నా ఉద్దేశంలో ఒక ఒప్పందం కలకాలం నిలవాలంటే దానికి మూడు లక్షణాలు ఉండాలి. అది తక్కువ విషయాలను కట్టడిచేసి మిగిలినవాటిని స్వేచ్ఛగా వదలాలి. అది ఏ ఒక్కరి సొత్తూ కాకూడదు. అన్నిటికంటె ముఖ్యంగా, నిన్నటివారికి ఇచ్చిన మాటను రేపు తప్పకూడదు. ఇది కేవలం కంప్యూటరు నిపుణుల గొడవ కాదు. మన తెలుగు వ్రాతలు ముందు తరాలకు అందడమో, అందకపోవడమో దీని మీదనే ఆధారపడి ఉంది. ఎలాగో చూద్దాం.

రంధ్రాల కాగితం

అక్షరాలకు సంకేతాలు పెట్టుకోవడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. తంతి వార్తల కాలంలోనే అది ఉంది. ఫ్రాన్సు దేశంలో తంతి శాఖలో పనిచేసిన ఎమిల్ బోదో అనే ఆయన 1874లో ఒక పద్ధతికి పేటెంటు పొందాడు. అందులో ఐదు మీటలు ఉంటాయి. ఏ మీటలు నొక్కారు, ఏవి నొక్కలేదు అనే దాన్నిబట్టి ఒక్కొక్క అక్షరం ఏర్పడుతుంది. ఐదు మీటలతో ఎన్ని రకాలు వస్తాయో మీరే లెక్క వేయండి. రెండును ఐదుసార్లు హెచ్చిస్తే 32. ఇంగ్లీషు అక్షరాలు 26 పోతే అంకెలకు చోటు చాలదు. అందుకని ‘ఇక్కడినుండి వచ్చేవి అంకెలు’ అని చెప్పడానికి వేరే గుర్తు పెట్టుకోవలసి వచ్చింది.

కంప్యూటర్లు వచ్చాక ఈ చోటు మరీ ఇరుకయింది. పైగా ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క సంకేతం పెట్టుకున్నాడు. ఒక యంత్రంలో రాసింది ఇంకో యంత్రం చదవలేదు. అప్పుడు అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఒక సంఘాన్ని వేసింది. కంప్యూటర్లు చేసేవారూ, టెలిఫోను కంపెనీవారూ అందులో కూర్చున్నారు. వాళ్లు 1963లో తయారుచేసిన పట్టికకే ‘ఆస్కీ’ అని పేరు. ఇందులో ఒక్కొక్క అక్షరానికి ఏడు బిట్లు, అంటే ఏడు ఒకట్లో సున్నాలో వాడతారు. రెండును ఏడుసార్లు హెచ్చిస్తే 128 గదా! అంటే 0 నుండి 127 వరకు నంబర్లు.

ఆ పట్టికలో చివరిదైన 127వ నంబరు సంగతి వినండి. అది ‘చెరిపివేత’ గుర్తు. ఆ పనికి చివరి నంబరే ఎందుకు? ఆ రోజుల్లో సందేశాలను పొడుగాటి కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచేవారు. 1 ఉంటే రంధ్రం, 0 ఉంటే ఖాళీ. పొరపాటున తప్పు అక్షరం పడితే పొడిచిన రంధ్రాన్ని పూడ్చడం సాధ్యం కాదు. కాని మిగిలిన ఖాళీలను కూడా పొడిచివేయవచ్చు. ఏడు రంధ్రాలూ పడితే అది 1111111 అవుతుంది, అంటే 127. ‘ఏడు రంధ్రాలూ ఉన్నచోట ఏమీ లేనట్లే లెక్క’ అని నియమం పెట్టుకున్నారు. తప్పును ఎంత చక్కగా దిద్దుకున్నారో చూశారా! కాగితపు పట్టీలు పోయి దశాబ్దాలయింది. 127 మాత్రం ఇంకా ‘చెరిపివేత’గానే ఉంది.

ఇంకొక సంగతి. 1963 నాటి పట్టికలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు లేవు! వాటికోసం చోటు మాత్రం వదిలిపెట్టారు. 1967లో ఆ ఖాళీలో చిన్న ‘ఏ’కు 97, చిన్న ‘బి’కి 98 చొప్పున నింపారు. పెద్ద అక్షరాలను కదపవలసిన అవసరమే రాలేదు. తమకు తెలియని రేపటికోసం కాస్త చోటు ఉంచడం వారు చేసిన తెలివైన పని.

పెద్ద కంపెనీ, చిన్న పట్టిక

అయితే ఆస్కీకి పోటీ లేదనుకోకండి. 1964లో ఐ.బి.ఎం. అనే కంపెనీ ‘సిస్టం 360’ అనే కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. అప్పట్లో కంప్యూటర్ల వ్యాపారంలో దాన్ని మించిన సంస్థ లేదు. ఆ యంత్రాలకు ఆ కంపెనీ తన సొంత సంకేతాన్ని పెట్టుకుంది. దాని పేరు ‘ఎబ్సిడిక్’. అందులో ఎనిమిది బిట్లు, అంటే 256 చోట్లు ఉన్నాయి. ఆస్కీకి రెట్టింపు!

చోటు ఎక్కువ, వెనకనున్న కంపెనీ పెద్దది. మరి అదే నెగ్గాలి గదా? నెగ్గలేదు. మొదటి చిక్కు, అందులో అక్షరాలు వరుసగా లేవు. ‘ఐ’ నంబరు 201 అయితే, దాని పక్కన ఉండవలసిన ‘జె’ నంబరు 209. మధ్యలో ఏడు నంబర్లకు అక్షరమే లేదు. రంధ్రాల కార్డుల కాలంనాటి అలవాటును అలాగే తెచ్చిపెట్టుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. ఇది చిన్న చిక్కే. పెద్ద చిక్కు ఏమిటంటే, అది ఒక కంపెనీ సొత్తు. తక్కిన కంపెనీలలో చాలావాటికి దాన్ని నెత్తిన పెట్టుకోవలసిన అవసరం కనబడలేదు. పోటీదారు ఇంటి నియమాన్ని ఎవరు మాత్రం తమ ఇంటి నియమంగా చేసుకుంటారు?

ఆస్కీ అందరూ కలిసి రాసుకున్నది. దాన్ని వాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. 1968 మార్చిలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఇకమీదట కేంద్ర ప్రభుత్వం కొనే కంప్యూటర్లన్నీ ఆస్కీని అర్థం చేసుకోగలిగి ఉండాలని ఆదేశించాడు. ఈ ఆదేశం దానికి గొప్ప బలం ఇచ్చిన మాట నిజమే. చివరకు 1981లో ఐ.బి.ఎం. వారే ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో వాడే చిన్న కంప్యూటరును విడుదలచేసినప్పుడు, అందులో వాడింది ఎబ్సిడిక్ కాదు, ఆస్కీనే! ఎబ్సిడిక్ ఇప్పటికీ ఆ కంపెనీవారి పెద్ద కంప్యూటర్లలో ఉంది. కాని ఆస్కీలాగా అంతటా వ్యాపించలేదు.

కాళీగా ఉన్న సగం

ఆస్కీ ఏడు బిట్లది అని చెప్పుకున్నాం. కంప్యూటర్లలో మాత్రం ఎనిమిది బిట్లను కలిపి ఒక ‘బైటు’గా వాడడం స్థిరపడింది. అంటే ప్రతి బైటులోనూ 256 చోట్లలో 128 ఖాళీ అన్నమాట. ఖాళీ స్థలం కనబడితే ఏమవుతుందో మీకు తెలుసు గదా! ప్రతి దేశమూ అందులో తన అక్షరాలను పెట్టుకుంది. రష్యావారు రష్యన్ అక్షరాలు పెట్టుకున్నారు, గ్రీసువారు గ్రీకు అక్షరాలు పెట్టుకున్నారు. 200వ నంబరు ఒకచోట ఒక అక్షరం, ఇంకోచోట ఇంకో అక్షరం. ఒక దేశంలో రాసిన ఉత్తరాన్ని ఇంకో దేశంలో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. జపానువారు దీనికి ‘మోజిబాకె’ అని ఒక మాటే కల్పించుకున్నారు. అక్షరాలు రూపం మారిపోవడమని దాని అర్థం.

మన దేశం కూడా ఆ ఖాళీ సగాన్ని వాడుకుంది. కాని మనవారు చేసిన పని కొంచెం భిన్నం. మన భాషల లిపులు వేరయినా అక్షరమాల దాదాపు ఒకటే. తెలుగులో క, ఖ, గ, ఘ ఉన్నట్లే హిందీలోనూ, కన్నడంలోనూ, బెంగాలీలోనూ ఉన్నాయి. అందుచేత లిపికి ఒక పట్టిక కాకుండా, ధ్వనికి ఒక నంబరు ఇచ్చారు. ‘క’ అనే ధ్వనికి అన్ని భారతీయ భాషల్లోనూ ఒకే నంబరు. దీనికి ‘ఇస్కీ’ అని పేరు. 1988లో ఒక రూపం వచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. ఇందులోనూ కింది 128 నంబర్లు ఆస్కీవే. వాటిని ముట్టుకోలేదు.

బొమ్మకూ నంబరుకూ ముడి

ఇంత చక్కని ప్రమాణం ఉండగా తెలుగు అచ్చుపనికి అదే వాడివుంటారని మీరనుకోవచ్చు. కాని ఎక్కువగా జరిగింది వేరు. మన లిపిని తెరమీద చూపడం ఇంగ్లీషు చూపినంత సులువు కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తులు – వీటన్నిటినీ సరైన చోట అతికించాలి. ఆ రోజుల్లో మామూలు కంప్యూటర్లకు ఆ నేర్పు లేదు. పత్రికలు, పుస్తకాలు మాత్రం ఆగవు గదా! అప్పుడు అచ్చుపనికి సరుకు తయారుచేసే కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లీషు అక్షరాల నంబర్లలోనే తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలను కూర్చాయి. ఒక నంబరులో తలకట్టు బొమ్మ, ఇంకో నంబరులో వత్తు బొమ్మ. ఇటువంటి బొమ్మల సమితినే ‘ఫాంటు’ అంటారు. వీటితో అచ్చు అందంగా వచ్చింది. 1990ల నుండి ఎన్నో ఏళ్లపాటు తెలుగు పుస్తకాలు, పత్రికలు ఇలాగే తయారయ్యాయి. ఆ పని చేసినవారిని తప్పుపట్టనక్కరలేదు. ఆనాటి అవసరం అది.

కాని ఇందులో ఒక పొరపాటు దాగి ఉంది. నంబరు అనేది ‘ఇది ఏ అక్షరం’ అని చెప్పాలి. బొమ్మ అనేది ‘ఆ అక్షరం ఎలా కనబడాలి’ అని చెప్పాలి. ఈ రెండూ వేరువేరు పనులు. ఈ ఫాంట్లు రెంటినీ ముడివేశాయి. పైగా ఏ కంపెనీ ముడి దానిదే. ఒక కంపెనీ ఫాంటులో తలకట్టు ఉన్న నంబరులో మరో కంపెనీ ఫాంటులో వేరే ముక్క ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అటువంటి వ్రాతను తెరిస్తే తెలుగు కనబడదు. అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఒక ఊరి చరిత్ర కావచ్చు, ఒకరు పదేళ్లు శ్రమించి కూర్చిన పదకోశం కావచ్చు. కాగితం మీద అచ్చయిన ప్రతి ఉంటే అది బతికింది. లేకపోతే, కంప్యూటరులో భద్రంగా ఉన్నదే చదవడానికి రాకుండా పోయింది. కొన్ని ఫాంట్ల వ్రాతలను ఇప్పటి పద్ధతిలోకి మార్చే సాధనాలను ఓపికగలవారు తయారుచేశారు. అయినా ప్రతి ఫాంటుకూ వేరే తాళంచెవి కావాలి గదా.

తాళపత్రం మీద గంటంతో రాసిన అక్షరాలను ఇన్ని వందల ఏళ్ల తరువాత కూడా చదువుకుంటున్నాం. ఇరవై ఏళ్ల కిందట కంప్యూటరులో రాసినదాన్ని చదవలేకపోవడం మనం ఆలోచించవలసిన విషయం కాదా?

అందరికీ ఒకటే పట్టిక

ఈ గందరగోళానికి విరుగుడుగా, ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే పట్టిక వేయాలని కొందరు సంకల్పించారు. అదే ‘యూనికోడ్’. దాని మొదటి రూపం 1991 అక్టోబరులో వచ్చింది. ఇందులో ప్రతి అక్షరానికీ దానికంటూ ఒక్కటే నంబరు. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 చోట్లు కేటాయించారు. మొదటి 128 నంబర్లు మాత్రం మళ్లీ ఆస్కీవే. అంటే యూనికోడ్‌లో కూడా 65 అంటే ‘ఏ’ అన్నమాట!

భారతీయ లిపుల వరుసను 1988 నాటి ఇస్కీ నుండి తీసుకున్నారు. దీన్ని మీరే ఒక చిన్న లెక్కతో రుజువు చేసుకోవచ్చు. తెలుగు ‘క’ నంబరు 3093. దీనికి 128 కలిపితే 3221. అది కన్నడ ‘క’ నంబరు. 3093లోనుండి 128 తీసివేస్తే 2965. అది తమిళ ‘క’ నంబరు. హిందీ ‘క’ నంబరు 2325. తేడా 768, అంటే సరిగ్గా ఆరు నూటఇరవైఎనిమిదులు. ఇస్కీ పేరు ఈనాడు ఎక్కువమందికి తెలియదు. కాని మన దేశంలో వేసిన ఆ వరుస ప్రపంచంలోని ప్రతి ఫోనులోనూ ఉంది.

యూనికోడ్ పెట్టుకున్న ఒక నియమం నాకు చాలా నచ్చుతుంది. ‘ఒకసారి ఒక అక్షరానికి నంబరు ఇచ్చాక, దాన్ని కదపము, తీసివేయము’ అన్నదే ఆ నియమం. అయితే ఈ బుద్ధి మొదటినుండీ లేదు. దెబ్బ తిన్నాక వచ్చింది. కొరియా భాషను అక్షరాల కూటములుగా రాస్తారు. మొదట వచ్చే హల్లులు 19, అచ్చులు 21, చివర వచ్చేవి, ఏమీ లేకపోవడంతో కలిపి, 28. మూడింటినీ హెచ్చిస్తే 11,172 కూటములు వస్తాయి. తొలి పట్టికల్లో వీటిలో 6,656 మాత్రమే ఉన్నాయి. 1996లో వచ్చిన రెండో యూనికోడ్‌లో మొత్తం 11,172నూ వరుసగా కొత్తచోట పెట్టి, పాతచోటులోనివాటిని తొలగించారు. పట్టిక చక్కబడిన మాట నిజమే. కాని అంతకుముందు పాత నంబర్లతో రాసిన కొరియా వ్రాతల గతి ఏమిటి? అప్పటికి అటువంటివి కొద్దిగానే ఉండబట్టి సరిపోయింది. ఇటువంటి పని ఇంకొకసారి చేస్తే తమ పట్టికను ఎవరూ నమ్మరని వారు గ్రహించారు. అప్పటినుండి ఆ మాట తప్పలేదు.

ఎంత గట్టిగా నిలబడ్డారంటే, తప్పులను కూడా దిద్దడం లేదు! 2005లో చేర్చిన ఒక కుండలీకరణం గుర్తుకు పెట్టిన ఇంగ్లీషు పేరులో ‘బ్రాకెట్’ అనే మాటలో రెండు అక్షరాలు తారుమారయ్యాయి. పేర్లు కూడా మార్చకూడదనే నియమం ఉంది కాబట్టి, ఆ అచ్చుతప్పు అలాగే ఉంది. సరైన పేరును పక్కన వేరుగా రాసుకున్నారు. మాట మీద నిలబడడం అంటే ఇదీ.

దీనివల్ల కొత్తవాటికి తలుపులు మూసుకుపోలేదు. 2008లో ‘ౘ’, ‘ౙ’ అనే అక్షరాలనూ, పాత తెలుగు లెక్కల్లో వాడిన భిన్నాల గుర్తులనూ మన 128 చోట్లలో ఖాళీగా ఉన్నవాటిలో చేర్చారు. నకారపు పొల్లు 2021లో చేరింది. ఇన్ని చేర్చినా ‘క’ 3093 నుండి అంగుళం కదలలేదు.

బల్లమీద కాగితం

కాని యూనికోడ్‌కు మొదట్లో ఒక పెద్ద అడ్డంకి ఎదురయింది. దాని నంబర్లు పెద్దవి కాబట్టి ఒక బైటులో పట్టవు. ప్రతి అక్షరానికీ రెండు బైట్లు వాడదామని ప్రతిపాదించారు. అలా చేస్తే అప్పటికి ఉన్న ఇంగ్లీషు వ్రాతలన్నీ రెట్టింపు పొడవవుతాయి. అంతకంటె ముఖ్యంగా, అప్పటి కంప్యూటరు ప్రోగ్రాములకు కొత్త వ్రాతలు అర్థం కావు. ఎన్నో ఏళ్లుగా పోగుపడ్డ పనినంతా పారవేసి కొత్తగా మొదలుపెట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు?

1992 సెప్టెంబరులో ఒక సాయంత్రం అమెరికాలోని న్యూజెర్సీలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నారు. పళ్లెం కింద పరిచే కాగితం మీద థాంప్సన్ ఒక పథకం గీశాడు. దాని పేరు ‘యు.టి.ఎఫ్–8’. కొద్ది రోజుల్లోనే వారు దాన్ని తమ కంప్యూటర్లలో నడిపించి చూపారు. కిటుకు ఇది:

బైటులో మొదటి బిట్ 0 అయితే, అది మామూలు ఆస్కీ అక్షరం. దానితోనే పని అయిపోయింది. బైటు 110తో మొదలయితే, రెండు బైట్లు కలిసి ఒక అక్షరం. 1110తో మొదలయితే మూడు బైట్లు, 11110తో మొదలయితే నాలుగు బైట్లు. వెనక వచ్చే బైట్లన్నీ 10తో మొదలు కావాలి. రైలు ఇంజను మీద ‘నా వెనక ఇన్ని పెట్టెలున్నాయి’ అని రాసిపెట్టినట్లు, ప్రతి పెట్టె మీదా ‘నేను ఇంజనును కాను’ అని రాసిపెట్టినట్లు అన్నమాట. మీరు రైలును మధ్యలో ఎక్కడ చూసినా, ఇంజను ఎక్కడుందో ఇట్టే పోల్చుకోవచ్చు. అంతకుముందు వేరేవారు ప్రతిపాదించిన పద్ధతిలో ఈ సౌకర్యం లేదు.

మన ‘క’తో సరిచూద్దాం. 3093ను ఒకట్లు సున్నాలలో రాస్తే 110000010101. దీనికి ముందు నాలుగు సున్నాలు చేర్చి 4, 6, 6 చొప్పున విడదీస్తే 0000, 110000, 010101. మొదటిదానికి 1110, తక్కినవాటికి 10 తగిలిస్తే 11100000, 10110000, 10010101. ఈ మూడు బైట్లే మీ ఫోనునుండి మీ స్నేహితుని ఫోనుకు వెళ్లే ‘క’.

ఇందులోని గొప్పతనం గమనించారా? 1967 నాటి ఆస్కీ పట్టిక ప్రకారం రాసిన వ్రాత ఏదైనా, ఒక్క బిట్ కూడా మార్చకుండానే యు.టి.ఎఫ్–8 వ్రాత కూడా అయిపోతుంది! పాతవారిని ‘మీరు మారండి’ అని అడగలేదు. ‘మీరున్నచోటే ఉండండి, కొత్తవారు పక్కన కూర్చుంటారు’ అన్నారు. దానికి రుసుమూ లేదు, యజమానీ లేడు. ఈనాడు ప్రపంచంలోని వెబ్ పేజీలలో నూటికి 98 వంతులకు పైగా ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

బరువు మోయడం న్యాయమేనా?

మీలో చురుకయినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ‘ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగు అక్షరానికి మూడు బైట్లా? ముందు వచ్చినవాడికి మెత్తని ఆసనమూ, వెనక వచ్చినవాడికి బరువూనా?’ న్యాయమైన ప్రశ్నే. ‘అమ్మ’ అనే మాటలో అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు ఉంటాయి. ఇస్కీలో అయితే నాలుగు బైట్లు. యు.టి.ఎఫ్–8లో పన్నెండు బైట్లు. ఇది మనం చెల్లిస్తున్న మూల్యమే. కాని లెక్కవేసి చూడండి. ఐదు లక్షల గుర్తులున్న పెద్ద పుస్తకానికి 15 లక్షల బైట్లు అవుతాయి. ఫోనుతో తీసే ఒక ఫోటో చాలాసార్లు అంతకంటె ఎక్కువ చోటు తీసుకుంటుంది. నిల్వచేసే చోటు ఏటేటా చౌక అవుతుంది. పోయిన అర్థం మాత్రం ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ‘తప్పును కూడా మార్చనంటే అది మొండితనం కాదా? అభివృద్ధికి అడ్డు కాదా?’ ఉదాహరణకు మన అక్షరమాలలో ‘ళ’ హకారం తరువాత వస్తుంది. యూనికోడ్‌లో ‘ల’ 3122, ‘ళ’ 3123, ‘వ’ 3125. అంటే ‘ళ’ ముందే వచ్చి కూర్చుంది. ఈ నంబర్ల ప్రకారం మాటలను వరుసపెడితే మన నిఘంటువుల క్రమం రాదు. అయితే దీనికి నంబర్లను మార్చలేదు. వరుసపెట్టడానికి వేరే నియమం పైన రాసుకున్నారు. అట్టడుగున ఉన్నదాన్ని కదపకుండా, పైన దిద్దుకునే వీలు ఉంచారు. ఇల్లు కట్టేటప్పుడు పునాదిరాయి కొంచెం వంకరగా ఉందని, మూడు అంతస్తులు లేచాక దాన్ని పీకుతామా? పైన గోడను సరిచేసుకుంటాం.

అందుకే మొదట చెప్పాను – తక్కువ విషయాలను కట్టడిచేయాలని. యూనికోడ్ నంబరును మాత్రమే బిగించింది. అక్షరం గుండ్రంగా ఉండాలా, కోలగా ఉండాలా, ఏ రంగులో ఉండాలి అనే విషయాలను చిత్రకారులకు వదిలిపెట్టింది. ఎక్కువ విషయాలను బిగిస్తే వాటిలో ఏదో ఒకటి త్వరలోనే పాతబడుతుంది. అప్పుడు దానితోపాటు మొత్తం కూలుతుంది. నంబరునూ బొమ్మనూ ముడివేసిన ఫాంట్లకు పట్టిన గతి ఇదే.

మీరు చేయవలసిన పని

మీరు పెద్దవారయ్యే నాటికి ఈ ఫోనులు, ఈ కంప్యూటర్లు ఉండవు. కొత్తవి వస్తాయి. ప్రతివారూ ‘మాది అన్నిటికంటె వేగమైనది, అందమైనది’ అని చెబుతారు. మీ వ్రాతలనూ, మీ ఊరి సంగతులనూ దేనికైనా అప్పగించేముందు మూడు ప్రశ్నలు అడగండి. దీని నియమాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఒక్కరి చేతిలోనా, అందరి చేతిలోనా? నేను ఇందులో రాసింది వేరే సాధనంతో కూడా చదవవచ్చా? నిన్న ఇందులో రాసింది ఈనాడు చదవగలుగుతున్నారా?

మీ బడిలో గోడపత్రికనో, సంచికనో కంప్యూటరు మీద తయారుచేస్తున్నట్లయితే, అది యూనికోడ్‌లో ఉందో లేదో మీ ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. మీ ఇంట్లోనో ఊళ్లోనో పెద్దలు పాత ఫాంట్లలో రాసిపెట్టినవి ఉంటే, ఆ ఫాంటు దొరుకుతున్నప్పుడే వాటిని మార్చి పెట్టండి. ఒక వేసవి సెలవుల్లో ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిస్తే ఒక పుస్తకాన్ని కాపాడవచ్చు.

ఇంకొక మాట. మీలో కొందరు రేపు ఇంజనీర్లయి, ఇటువంటి ఒప్పందాలను మీరే రాయవలసి రావచ్చు. అప్పుడు ‘అన్నిటికంటె గొప్పది ఎలా చేయాలి’ అనే ప్రశ్నతోపాటు, ‘నన్ను నమ్మి నిన్న రాసుకున్నవాడికి రేపు ఏమవుతుంది’ అనే ప్రశ్న కూడా వేసుకోండి. 1963లో ఆ సంఘంలో కూర్చున్నవారికి తెలుగు అక్షరాల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అయినా వారు కట్టిన మెట్టు మీదనే మన ‘క’ నిలబడి ఉంది. మీరు కట్టే మెట్టు మీద నిలబడేవారు ఎవరో మీకూ తెలియదు. అందుచేత గట్టిగా కట్టండి, కట్టినదాన్ని కదపకండి.